మూడు వారాలకో సూది

ఇంజెక్షన్ల గదిలో సిస్టరుకి పొద్దున్నే తల ప్రాణం తోకకొచ్చింది. బల్ల కింద ఏడేళ్ళ పిల్ల, బల్ల కాలు వాటేసుకుని ఊడి రానంటోంది. ఎదురుగా మోకాళ్ళ మీద ఆ పిల్ల తండ్రి. టైలరు. మెడలో కొలతల టేపైనా తీయకుండా వచ్చాడు.

"బంగారూ, బయటికి రామ్మా. సూదీ లేదు, ఏమీ లేదు. సిస్టరుగారు నీకు బొమ్మలు చూపిస్తారట."

సూది చేత్తో పట్టుకునే నిలబడ్డ సిస్టరుకి ఒళ్ళు మండింది. గొంతు నొప్పితో మొదలై, కీళ్ళు పట్టేసి, గుండె దాకా పాకే జ్వరం ఆ పిల్లది. మూడు వారాలకో సూది పడాలి. ఇప్పటికే రెండుసార్లు ఎగ్గొట్టారు. ఇంకోసారి తప్పితే గుండెకే ముప్పని డాక్టరు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. ఈయనేమో బొమ్మలంటున్నాడు.

ఆ పిల్ల వయసులో సిస్టరుకీ అదే జ్వరం వచ్చింది. వాళ్ళ నాన్న ప్రతిసారీ షికారుకని చెప్పి భుజాన వేసుకుని ఆసుపత్రికి తెచ్చేవాడు. చివరికి నిజంగా షికారుకి తీసుకెళ్ళినా దారంతా ఏడ్చేది. ఒక్క ముసలి నర్సు మాత్రం, "నొప్పి పుడుతుంది. అరవాలనిపిస్తే అరిచెయ్, కాలు మాత్రం కదపకు," అంది. ఆ రోజే తనూ నర్సు కావాలనుకుంది. జాలి పుట్టి కాదు, పెద్దవాళ్ళ అబద్ధాలకి విసుగెత్తి.

సిస్టరు నేల మీద చతికిలబడింది. "సూది ఉంది. నొప్పి పుడుతుంది. సాయంత్రం దాకా కుంటుతావు కూడా."

"ఇదే ఆఖరిదా?" అంది బల్ల కింద నుంచి పిల్ల.

అవుననమని టైలరు చేతులు జోడించి సైగ చేశాడు.

"కాదు. నువ్వు కాలేజీకి వెళ్ళేదాకా పడాలి. నాకూ అలాగే పడ్డాయి."

పిల్ల గొల్లుమంది. టైలరుకి కోపం నషాళానికంటింది. "మీకు పిల్లలుంటే తెలిసేదండీ. ఇక దీన్ని ఈ గుమ్మం ఎలా ఎక్కించమంటారు?"

 ఇద్దరు ఆయాలు పట్టుకుంటే సూది పడింది. పిల్ల సిస్టరు మొహమైనా చూడకుండా వెళ్ళిపోయింది.

ఆ మూడు వారాలూ సిస్టరు తనని తానే తిట్టుకుంది. నిజం చెప్పి ఏం ఒరగబెట్టాను, మళ్ళీ రాకపోతే ఆ పాపం ఎవరిది అని. రావలసిన రోజు వచ్చింది. పదకొండయింది, పన్నెండయింది. ఇక రారనుకుంటుండగా గుమ్మంలో పిల్ల కనిపించింది. వెనకాల మొహం పాలిపోయిన టైలరు.

"నువ్వు బయటే కూర్చో నాన్నా," అంది పిల్ల. "నొప్పి పుడుతుంది, నేను అరుస్తాను. నువ్వు చూడలేవు."

తలుపు తనే మూసేసి, బల్లెక్కి బోర్లా పడుకుంది.