మూడో రోజు పొట్లం

గుడ్డ మీద పరిచిన బంగాళాదుంప చక్రాలను అక్క ఒక్కొక్కటే తిరగేస్తోంది. నిన్న మెత్తగా వంగినవి ఇవాళ ఫెళఫెళమంటున్నాయి. ఒకటి చెవి దగ్గర పెట్టుకుని విరిచింది. ఎండిందో లేదో చప్పుడే చెబుతుంది.

తమ్ముడు గుమ్మంలో కూర్చుని బూట్లకు నూనె రాస్తున్నాడు. తెల్లారితే కొండల మీది కరెంటు స్తంభాల తనిఖీకి బయలుదేరాలి. దారిలో ఊళ్లు లేవు. తిరిగొచ్చేదాకా తిండి వీపు మీదే. నడుముకు ఆపరేషన్ అయ్యాక ఇదే మొదటిసారి. ఈసారి సంచి మోయలేకపోతే కొండ పని మాన్పించి ఆఫీసులో కుర్చీ వేయిస్తానన్నాడు పై అధికారి. ఆ కుర్చీ మాట విన్నప్పటి నుంచి తమ్ముడికి ముద్ద దిగడం లేదు.

"మూడో రోజు ఆకలి ఎలా ఉంటుందిరా?"

నాన్న ఇదే ఉద్యోగం చేసిన రోజుల నుంచి కొండకు తిండి కడుతోంది అక్క. తను మాత్రం ఒక్కసారీ కొండ ఎక్కలేదు.

"ఎలా ఉండడమేంటి? ఆకలిలాగే ఉంటుంది."

"కడుపుకా, నోటికా?"

తమ్ముడు బూటు పక్కన పెట్టి ఆలోచించాడు. "నోటికేనక్కా. తీపి చూస్తే వెగటు. పుల్లగా, ఉప్పగా ఏదైనా ఉంటే బాగుండనిపిస్తుంది. అప్పటికి వాగు కూడా ఉండదు."

"వాగుండదా! మరి ఈ ముక్కలు దేంతో ఉడికిస్తావు? నీళ్లు కూడా మోస్తావా? ఎండబెట్టి బరువు తగ్గించానని నేనేమో మురిసిపోతున్నా!"

"నువ్వడిగితేగా."

ఎండు ముక్కలు మొదటి రెండు రోజులకు మార్చేసి, పల్లీలు, ఖర్జూరాలు దంచి చేసిన ఉండ ఒకటి తిని అక్క పిండిమరలో పనికి వెళ్లింది. ధాన్యం పోస్తూ, పిండి ఎత్తుతూ రోజంతా తన కడుపునే గమనించుకుంది.

"ఏంటమ్మా, అన్నం తెచ్చుకోలేదా?" అన్నాడు మర యజమాని.

"తినే వచ్చానండీ. ఎప్పటిదాకా ఆగుతుందో చూస్తున్నా."

"నీ కడుపేమైనా గడియారమా?"

పిండి ఎక్కువైన నిన్నటి ఉండ మధ్యాహ్నానికే మోసం చేసింది. పల్లీలు ఎక్కువ పడ్డ ఇవాళ్టిది మర ఆగేదాకా నిలిచింది. అక్క నవ్వుకుంటూ ఇంటికొచ్చింది.

సాయంత్రం తక్కెడ తీసింది. పనిముట్లు, దుప్పటి పోగా తమ్ముడి నడుము ఇంకెంత బరువు ఓర్చుకోగలదో, అంత రాయి ఒక పళ్లెంలో పెట్టింది. రెండో దానిలో పొట్లాలు, నాన్న ఇత్తడి గ్లాసు. రెండూ సమంగా నిలిచాయి. ఉప్పులో ఎండబెట్టిన నిమ్మతొక్కలు, వేయించిన శనగలు కలిపి మూడో రోజుకని కట్టిన చివరి పొట్లం పెట్టగానే పళ్లెం కిందికి దిగింది.

"ఆ గ్లాసు తీసెయ్. సీసాతో తాగొచ్చుగా."

"నాన్న గ్లాసు లేకుండా ఎప్పుడైనా వెళ్లానా? నీ పొట్లమే తీసెయ్."

"అయితే మూడో రోజు ఆ గ్లాసే నాక్కో!"

తమ్ముడు నవ్వలేదు. నడుము పట్టుకుని లేచి, గ్లాసుతో నీళ్లు తాగి లోపలికి వెళ్లిపోయాడు. అక్క పొట్లాన్ని తక్కెడ పక్కనే వదిలేసింది.

తెల్లవారుతుండగా తలుపు గొళ్లెం చప్పుడైంది. పిలుస్తాడేమోనని అక్క కాసేపు చూసింది. పిలవలేదు. కిటికీ దగ్గరకు వెళ్లేసరికి తమ్ముడు వీధి చివర ఉన్నాడు. వీపున సంచి ఉంది. చెయ్యి నడుము మీద లేదు.

తక్కెడ పక్కన పొట్లం లేదు. పళ్లెంలో ఇత్తడి గ్లాసు ఒక్కటే ఉంది, అడుగున రాత్రి తాగిన నీళ్ల చుక్క ఇంకా ఆరకుండా.