చెవులపిల్లి దరఖాస్తు

కళ్ళజోళ్ళ దుకాణం పైన, మొదటి అంతస్తులో, ఒక మేడమ్ గది ఉండేది. ఆమె పదకొండేళ్ళపాటు ఒక పెద్ద విశ్వవిద్యాలయంలో దరఖాస్తులు చదివి, ఎవరిని తీసుకోవాలో ఎవరిని వద్దనాలో తేల్చే కమిటీలో పనిచేసింది. ఆ పని మానేసి ఇక్కడ కూర్చుంది. పిల్లలు మార్కుల కాగితాలు పట్టుకొస్తే చూసి, ఫలానా చోట సీటు వచ్చే అవకాశం నూటికి ఇంత అని కుండబద్దలు కొట్టినట్టు చెప్పేది. అందుకే అందరూ ఆమెను శాతాల మేడమ్ అనేవారు. ఎదురుగా కాదు, మెట్లు దిగాక.

ఒక శనివారం పొద్దున ఆ గదికి ఒక అమ్మమ్మ, మనవరాలు వచ్చారు. మనవరాలికి పదిహేడేళ్ళు. తల్లి పనిచేసే ఆఫీసులో అందరూ ఆ పిల్లను చెవులపిల్లి అని పిలిచేవారు. అదే పేరు ఇంట్లోకీ వచ్చేసింది. వచ్చిన దగ్గర్నుంచి మాట్లాడిందంతా అమ్మమ్మే. పిల్ల మూడో ఏటనే అంకెలు గుర్తుపట్టిన సంగతి మొదలుకొని నిన్నటి పరీక్షదాకా ఏకరువు పెట్టింది. వాళ్ళు అడుగుతున్నది దేశం మొత్తంలో సీటు దొరకడం కష్టమని పేరున్న ఇంజనీరింగ్ విశ్వవిద్యాలయం గురించి. మూడు వందల సీట్లు, ఏటా పన్నెండు వేల దరఖాస్తులు.

మేడమ్ కాగితాలన్నీ ఓపిగ్గా తిరగేసింది. మార్కులు బాగున్నాయి, ప్రవేశ పరీక్షలో ర్యాంకూ బాగుంది. కానీ పదో తరగతిలో, అంతవరకూ తొంభైల్లో నడిచిన లెక్కలు డెబ్భై ఒకటికి జారాయి. ఇంకా పంపని దరఖాస్తులో "మీ గురించి రాయండి" అన్న చోట పుస్తకాలు చదవడం ఇష్టమనీ, దేశానికి సేవ చెయ్యాలనుందనీ రాసి ఉంది. మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, నూటికి రెండు అంది.

అమ్మమ్మ ముఖం వాడిపోయింది. పిల్ల మాత్రం కుర్చీ ముందుకు జరుపుకుంది.

"ఆ రెండూ ఎలా వచ్చాయి మేడమ్?"

ఆ గదిలో ఇంతవరకూ ఏడ్చినవాళ్ళున్నారు, పోట్లాడినవాళ్ళున్నారు, ఇంకో రెండు కలపమని బతిమాలినవాళ్ళూ ఉన్నారు. లెక్క అడిగినవాళ్ళు లేరు. మేడమ్ విడమరిచి చెప్పింది. పన్నెండు వేలమందిలో మూడు వందలంటే నూటికి రెండున్నర. పదో తరగతి లెక్కలకు ఒక అర తగ్గించింది.

చెవులపిల్లి వేలితో బల్ల మీద ఆ లెక్క వేసింది. "అంటే రెండున్నర అందరిదీ. నా గురించి మీకు తెలిసింది ఆ తగ్గించిన అర మాత్రమే."

మేడమ్ చేతిలో కాగితం అలాగే ఆగిపోయింది. కొన్ని వేల దరఖాస్తులు చదివిన మనిషికి ఆ మాట సూదిలా గుచ్చుకుంది. అయితే ఆ పదో తరగతి ఏడాది ఏం జరిగిందో చెప్పమంది. పిల్ల నోరు తెరిచేలోపే అమ్మమ్మ బల్లకింద నుంచి తొడపాశం పెట్టింది. పిల్ల ఉలిక్కిపడటం మేడమ్ చూడనే చూసింది. ఈ గదిలో మాట గడప దాటదని మాటిచ్చింది. అమ్మమ్మ అటూ ఇటూ చూసి, తలుపు దగ్గరికేసి వచ్చి, ఇక చెప్పమన్నట్టు తలూపింది.

పిల్ల తల్లి నీళ్ళ శాఖలో పనిచేస్తుంది. భూమి కింద పైపులు ఎక్కడ కారుతున్నాయో పట్టడం ఆమె పని. పొడవాటి ఇనుప కడ్డీ ఒక కొస వాల్వు మీద ఆనించి, రెండో కొసకు చెవి ఆనించి వింటుంది. గోడలకు చెవులుంటాయంటారు కానీ నేల మాట వినే చెవి ఆమెది. పద్దెనిమిదేళ్ళుగా ఆమె చూపించిన చోట గునపం దిగితే గురి తప్పలేదు. రెండేళ్ళ క్రితం ఒక జ్వరం వచ్చి, పోతూ పోతూ కుడిచెవిని పట్టుకుపోయింది. ఎడమచెవి సగమే మిగిలింది. శాఖలో తెలిస్తే ఏ కౌంటరు దగ్గరో కూర్చోబెడతారు. ఆ పని తప్ప ఇంకో పని ఆమెకు సయించదు. అందుకని రోజూ తెల్లవారి అయిదు గంటలకు, రోడ్ల మీద రద్దీ మొదలవకముందే, కూతురు వెంట వెళ్ళి వినేది. సరదాగా నేర్చుకోవడానికి వస్తోందని అక్కడివాళ్ళు అనుకున్నారు. వాళ్ళు పెట్టిన పేరే చెవులపిల్లి. పిల్ల విని వేళ్ళతో సైగ చేసేది, తల్లి చోటు చూపించేది. ఎనిమిదింటికి బడి. మొదటి పీరియడు లెక్కలు. కునుకు ఆగేది కాదు.

"తర్వాత నాకు భయం పట్టుకుంది మేడమ్. నేను చదువుకోడానికి ఎక్కడికైనా వెళ్ళిపోతే అమ్మకి ఎవరు వింటారు?"

అందుకని పాత ఫోనులోంచి మైకు పీకి కడ్డీకి బిగించింది. ఆ శబ్దం తెర మీద గీతల్లా కనిపించేట్టు చేసింది. పదమూడు వందల నలభై వాల్వుల చప్పుళ్ళు రికార్డు చేసి, ఏది మామూలు ప్రవాహమో, ఏది కారుతున్న చప్పుడో పోల్చే ప్రోగ్రాం తనే రాసుకుంది. ఇప్పుడు తల్లి చెవితో కాక కళ్ళతో వింటోంది. ఆర్నెల్లుగా పిల్ల వెంట వెళ్ళాల్సిన పనే లేదు.

మేడమ్ కుర్చీలోంచి ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. కిటికీ దాకా వెళ్ళి, వెనక్కొచ్చి, మళ్ళీ వెళ్ళింది. ఇదంతా దరఖాస్తులో ఎందుకు రాయలేదని అడిగింది.

అమ్మమ్మ చెప్పింది, అది రాస్తే తన కూతురి పుట్టి మునుగుతుందని.

అదీ నిజమే. పైగా ఊరికే రాస్తే చాలదు, నిజమేనని శాఖలో ఎవరైనా సంతకం చెయ్యాలి. దాచడం, చెప్పుకోవడం రెండూ ఒక ఒరలో ఇమడవు. రాయమని చెప్పే హక్కు తనకు లేదనీ, అడగాల్సింది తల్లినేననీ, గడువు ఇంకా పంతొమ్మిది రోజులుందనీ చెప్పి మేడమ్ వాళ్ళను పంపించింది. ఆ పూట వచ్చిన మిగతా పిల్లల కాగితాలను ఆమె మామూలుకంటే నెమ్మదిగా చదివింది.

ఇంట్లో చెవులపిల్లి నోరు మెదపలేదు. అమ్మమ్మ కడుపులో మాట ఒక్కరోజైనా ఆగిందా? ఆదివారం మధ్యాహ్నం కూతురు యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటుంటే, ఎడమచెవి వైపు వెళ్ళి నిలబడి మొత్తం చెప్పేసింది. తల్లి కాలరు మడత మీద ఇస్త్రీపెట్టె నడుపుతూనే ఉంది. చొక్కా అయ్యాక ప్లగ్గు పీకి, కూతుర్ని పిలిచింది.

"రెండేళ్ళుగా నా చెవిని నువ్వు మోస్తున్నావే. ఇంక దించెయ్."

"నీ ఉద్యోగం?"

"అది నా సంగతి. నీ సంగతి నువ్వు రాసుకో."

సోమవారం ఆమె తిన్నగా సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళి అంతా చెప్పేసింది. ఆయన చండశాసనుడు. రెండేళ్ళు తన కళ్ళకు గంతలు కట్టారని మండిపడ్డాడు. అరిచి అరిచి, నీళ్ళు తాగి, చివరికి ఒక మాటన్నాడు. ఆసుపత్రి వెనక వీధిలో ఒక భవనం నేలమాళిగలోకి నెల్లాళ్ళుగా నీళ్ళు ఊరుతున్నాయి. మూడుసార్లు తవ్వినా లీకు దొరకలేదు. గురువారం పొద్దున అక్కడికి ఆ యంత్రం తెచ్చి చూపించమన్నాడు. తర్వాత మాట తర్వాత.

గురువారం ఆరుగంటలకు ఆ వీధిలో జనం పోగయ్యారు. నలుగురు పనివాళ్ళు, సూపర్‌వైజర్, వ్యాను. అమ్మమ్మ కబురు పెడితే శాతాల మేడమ్ కూడా వచ్చింది, జుట్టు సరిగ్గా దువ్వుకోకుండానే. చెవులపిల్లి మాత్రం యంత్రాన్ని తాకలేదు. చేతులు వెనక్కి కట్టుకుని రోడ్డు పక్కన నిలబడింది. కడ్డీ పట్టుకుంది తల్లే.

వీధి పొడుగునా ఆరు వాల్వులు. ఒక్కో మూత తీసి, కడ్డీ దింపి, తెర చూసి, చాక్‌పీసుతో రోడ్డు మీద ఒక అంకె రాసుకుంటూ పోయింది. బస్సొస్తే అది మలుపు తిరిగేదాకా ఆగింది. ఆరూ అయ్యాక వెనక్కి నడిచొచ్చి, ఒక దర్జీ దుకాణం ముందు చాక్‌పీసుతో ఇంటూ గుర్తు గీసింది. అది నీళ్ళు ఊరుతున్న భవనానికి నలభై మీటర్ల ఎగువన ఉంది. పనివాళ్ళు ముఖముఖాలు చూసుకున్నారు. చెంబు ఇక్కడ పోతే అక్కడ వెతుకుతారా అని ఒకడు గొణిగాడు. సూపర్‌వైజర్ చేతి గడియారం చూసుకుని, తవ్వమన్నాడు.

మీటరు లోతు తవ్వారు. పొడి మట్టి. ఇంకో జానెడు. పొడి మట్టే. చెవులపిల్లికి తను రాసిన ప్రోగ్రాంలో తప్పులు ఎక్కడెక్కడ ఉండొచ్చో అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. పక్కకు జరిపి తవ్విద్దామా అని తల్లికి సైగ చేసింది. తల్లి తెరను ఇంకోసారి చూసి, తల అడ్డంగా ఊపింది.

"ఇక్కడే. ఇంకొంచెం."

గునపం మళ్ళీ దిగింది. మట్టి రంగు మారింది. తర్వాతి పోటుకు బురద పైకొచ్చింది. ఆ తర్వాతి పోటుకు నీళ్ళు చివ్వున ఎగజిమ్మి, గొణిగినవాడి ముఖాన్నే కొట్టాయి. ఒక్కసారిగా అందరూ గొల్లున నవ్వారు. దర్జీ అప్పుడే షట్టరు ఎత్తుతూ, ఏమైందో తెలియకుండానే చప్పట్లు కొట్టాడు. కారిన నీళ్ళు పాత కాలువ గొట్టం ఒకటి పట్టుకుని భూమిలోపలే అంత దూరం పాకి, భవనం దగ్గర తేలాయి. అమ్మమ్మ చీర కుచ్చిళ్ళు మోకాలిదాకా తడిసినా వెనక్కి జరగలేదు. చెవులపిల్లి కట్టుకున్న చేతులు విప్పి, తల్లిని నడుం దగ్గర పట్టుకుని గిరగిరా తిప్పేసింది.

సూపర్‌వైజర్ గుంటలోకి వంగి చూశాడు. ఇలాంటివి ఎన్ని చేసివ్వగలరని తల్లిని అడిగాడు. ఆమె కూతుర్ని చూపించింది. వారం తిరక్కుండా ఆయన సంతకం, శాఖ ముద్ర ఉన్న ఉత్తరం వచ్చింది. తల్లికి ఉద్యోగం అదే ఉంచి, ఆ కడ్డీ వాడటం మిగతావాళ్ళకు నేర్పే పని కూడా అప్పగించారు.

ఆ గురువారమే, ఆ వీధిలోనే, బురద కాళ్ళతో, అమ్మమ్మ మేడమ్‌ను ఇప్పుడు నూటికెంత అని నిలదీసింది. ముప్ఫై అయిదు, అంది మేడమ్. అమ్మమ్మ ఒక అడుగు ముందుకేసింది. ఇంత చూశాక కూడానా?

"మిగతా అరవై అయిదూ ఎందుకు పోయాయి మేడమ్?" అడిగింది చెవులపిల్లి.

"నీలాంటివాళ్ళని కూడా వెనక్కి పంపిన గదిలో నేను కూర్చున్నానమ్మా. కొన్నిసార్లు కారణం కూడా ఉండేది కాదు. నీకు అబద్ధం చెప్పలేను."

పిల్ల తలూపింది. ఆ లెక్క తనకు అర్థమైంది. రెండుతో పోలిస్తే ముప్ఫై అయిదు కొండంత అని అమ్మమ్మకు తనే నచ్చజెప్పింది.

తర్వాతి రోజులు పరుగుల మీద గడిచాయి. పిల్ల నాలుగు పేజీలు రాసుకొస్తే, దేశసేవ ఉన్న చోటల్లా మేడమ్ ఎర్రగీత పెట్టి ఒక పేజీకి దించింది. గడువుకు రెండు రోజుల ముందు దరఖాస్తు వెళ్ళింది. నెల తర్వాత ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. ఇరవై నిమిషాలన్నది గంట దాటింది. లోపల నలుగురు ప్రొఫెసర్లు. దొరికిన లీకుల గురించి వాళ్ళు అడిగింది తక్కువ. ఎక్కడ తప్పిందని అడిగితే పిల్ల సంచిలోంచి ఒక జాబితా తీసింది. అరవై ఒక్క చోట్ల యంత్రం పొరబడింది. వాటిలో సగానికి పైగా ప్లాస్టిక్ పైపులు. వాటిలో శబ్దం దూరం పోదు. ఎందుకు పోదో, ఏం చేస్తే పోతుందో అని నలుగురూ వాళ్ళలో వాళ్ళు వాదించుకుంటుంటే, పిల్ల కూడా లేచి బోర్డు దగ్గరికి వెళ్ళి వాదనలో దిగింది. బయటికొచ్చి మేడమ్‌కి ఫోను చేసి, సీటు సంగతి తెలియదు కానీ ఇంత సరదాగా ఎప్పుడూ పోట్లాడలేదని చెప్పింది.

ఫలితం మధ్యాహ్నం పన్నెండుకి. మేడమ్ గదిలోనే చూడాలనుకున్నారు. తల్లి ఆ గదికి రావడం అదే మొదటిసారి, డ్యూటీ మధ్యలో యూనిఫాంలోనే వచ్చేసింది. తెర మీద చిన్న చక్రం తిరుగుతూనే ఉంది. అమ్మమ్మకు ఆ చక్రం మీద ఒళ్ళు మండిపోయింది. మేడమ్ గ్లాసులో నీళ్ళు పోయబోయి బల్ల మీద పోసింది. పన్నెండూ నాలుగుకి పేజీ తెరుచుకుంది.

చెవులపిల్లి చదివింది. కంప్యూటర్ని తల్లి వైపు తిప్పింది. తల్లి ఒక్కో వాక్యమే పైకి చదివింది. మీకు సీటు ఇస్తున్నందుకు సంతోషిస్తున్నాం అన్న వాక్యాన్ని రెండుసార్లు చదివింది. చివర ఒక షరతుంది. ఆఖరి పరీక్షలు పాసవ్వాలి.

అందరూ ఒకరినొకరు పట్టుకున్నారు. ఎవరు ఎవర్ని పట్టుకున్నారో చెప్పడం కష్టం. కాస్త ఊపిరి తీసుకున్నాక చెవులపిల్లి కళ్ళు తుడుచుకుని, మర్నాడు రసాయన శాస్త్రం పరీక్ష ఉందనీ, ఇంటికెళ్ళేదాకా ఆగలేననీ, కాసేపు ఈ గదిలో కూర్చుని చదువుకోవచ్చా అనీ అడిగింది. మేడమ్ తన కుర్చీ ఇచ్చేసింది.

పెద్దవాళ్ళు ముగ్గురూ బయటికొచ్చి తలుపు మెల్లగా మూశారు. మెట్ల మీద వరసగా కూర్చున్నారు. కింద దుకాణంలోకి ఎవరో వస్తున్నారు, పోతున్నారు. లోపల పుస్తకంలో పేజీ తిరిగిన చప్పుడైంది. అమ్మమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఆమెను చూసి తల్లి నవ్వింది. శబ్దం రానివ్వకూడదని మేడమ్ మోకాళ్ళలో తల పెట్టుకుంది, ఆమె భుజాలు మాత్రం కదులుతూనే ఉన్నాయి.