తొలిపిన సీసాలు

సోమవారం పొద్దున్న కామాక్షి రైలు కోసం చూడకుండా మొగుడి బండి మీద వచ్చేసింది. హరిశ్చంద్రపురం నుంచి పలాస దాకా ఆ గతుకుల్లో నడుము పట్టేసింది గానీ, ఏడు కాకముందే ప్లాంటు గేటు దాటింది. ఏడాది నివేదిక బుధవారం సాయంత్రం అయిదు లోపల కాలుష్య నియంత్రణ మండలి వెబ్‌సైటులో పెట్టాలి. పన్నెండు నెలల పరీక్షల అంకెలు, వాటి కింద ల్యాబు కెమిస్టుగా ఆమె సంతకం. మూడు రోజుల పని మిగిలిపోయింది. అందుకే ఆ తొందర.

ప్లాంటంటే మరీ పెద్దదేం కాదు. పలాస శివారు కాలనీల మురుగు వచ్చిపడే నాలుగు తొట్లు, వాటిలోకి గాలి కొట్టే మోటార్లు, ఆఖర్న క్లోరిన్ కలిపే సిమెంటు తొట్టి. ఆ తొట్టి దాటిన నీళ్ళు తూములోంచి పక్కనున్న గెడ్డ అనే వాగులోకి పోతాయి. ఒక ప్రైవేటు కంపెనీ దాన్ని నడుపుతోంది. కామాక్షి ఆరేళ్ళుగా అక్కడ కాంట్రాక్టు మీద పనిచేస్తోంది.

తూము దగ్గర మెట్టు మీద చిన్నారావు గొంతుక్కూర్చుని ఉన్నాడు. ప్లాంటు పెట్టిన నాటి నుంచీ ఆయనే ఆపరేటరు. వారానికొకసారి ఏడింటికల్లా ఈ తూము దగ్గర సీసాలో నీళ్ళు పట్టాలి. మొదట్లో అది కామాక్షి పనే. పోయినేడాది ఇంట్లో అత్తగారు మంచాన పడ్డాక, వంట ముగించుకుని ఎనిమిదిన్నరకి పలాసలో దిగే రైలు ఎక్కడమే గగనమైపోయింది. అప్పుడు ఆ పని చిన్నారావుకి అప్పగించింది.

ఆయన సీసాలో కాసిని నీళ్ళు పోసి, గిరగిరా తిప్పి పారబోశాడు. మళ్ళీ పోశాడు. మళ్ళీ పారబోశాడు.

"బాబాయ్! ఏటి సేత్తన్నావు?" అని దూరం నుంచే కేకేసింది కామాక్షి.

"సేంపులు పడతన్నానమ్మా. ఇయ్యాల ఇంత పొద్దున్నే దిగిపోనారేటి?"

"అది సరే, సీసా ఎందుకు తొలుపుతున్నావు?"

చిన్నారావుకి నవ్వొచ్చింది. "నీల్లు పట్టీ గిన్ని తొలపకుండా ఏలగ పడతామమ్మా? మా ఇంటిది మూడుసార్లు తొలపందే బిందె కులాయి కింద ఎట్టనివ్వదు. నానెప్పుడైనా మరిసిపోతే ఆ పూట నాకు నీల్లు కూడా పొయ్యదు."

"ప్రతి వారమూ ఇలాగే తొలుపుతున్నావా?"

ఆమె గొంతు మారడం ఆయన కనిపెట్టాడు. సీసాకి మూత పెట్టి నిలబడ్డాడు. "మీరేటీ అనుకోరంటే సెప్తాను. సీసాలడుగున తెల్లగా సబ్బు మరక ఉండిపోతన్నాది. ఇంట్లో ముసలావిడ, పిల్ల, ఆ రైలు... అడావిడిలో సరిగ్గా కడగలేకపోతన్నారనుకున్నాను. జగదీశ్వర్రావు సారు కంట పడితే మాటంటాడు కదా. అందుకని నానే తొలిపీసీవోడిని. మీతో సెప్తే నామోసీ పడతారని సెప్పనేదు."

కామాక్షి ఆయన చేతిలోంచి సీసా తీసుకుంది. అది సబ్బు మరక కాదు. ప్రతి సీసాలోనూ తను కొలిచి వేసి, ఆరబెట్టిన మందు. నీళ్ళు సీసాలో పడగానే అందులో ఉన్న క్లోరిన్‌ని అక్కడికక్కడ ఆపేస్తుంది. అది లేకపోతే మూత పెట్టిన సీసాలో క్లోరిన్ గంటల తరబడి క్రిముల్ని చంపుతూనే ఉంటుంది. తూములోంచి పోయే నీళ్ళలో ఎన్ని క్రిములున్నా, ల్యాబుకి వచ్చేసరికి సీసాలో ఏమీ మిగలవు.

ఏడాది పొడుగునా యాభై రెండు సీసాలు. ఒక్కదానిలోనూ క్రిముల అంకె రెండు వందలు దాటలేదు. మండలి ఒప్పుకునేది వెయ్యి. పోయిన సమీక్షలో ప్లాంటు మేనేజరు జగదీశ్వరరావు అందరి ముందూ ఆమెని మెచ్చుకున్నాడు కూడా.

"ఏటమ్మా, తప్పేనా?" అన్నాడు చిన్నారావు.

"ఇంకో సీసా ఇవ్వు. తొలపకు" అంది.

ఆ సీసాలో నీళ్ళని గాజు గొట్టాల్లోకి సర్ది ఇంక్యుబేటరులో పెట్టింది. ఇరవై నాలుగ్గంటలు ఆగాలి. మంగళవారం పొద్దున్న తలుపు తీసి చూస్తే గొట్టాలన్నీ మబ్బు పట్టి ఉన్నాయి. లోపల బోర్లించిన చిన్న గొట్టాల్లో గాలి బుడగలు. క్రిములు బతికి ఉంటేనే ఆ బుడగలు వస్తాయి. లెక్క వేస్తే పదహారు వేలు.

ఎక్కడో చెయ్యి తగిలి ఉంటుంది, గొట్టాలు క్రిములు చచ్చేలా సరిగ్గా ఉడకలేదేమో అని తనకు తనే సర్దిచెప్పుకుంది. చిన్నారావుని మళ్ళీ తూము దగ్గరకి తీసుకెళ్ళింది. ఒక సీసా ఆయన అలవాటు చొప్పున తొలిపి పట్టాడు. పక్కనే ఇంకోటి ఆమె తొలపకుండా పట్టింది. వారం వారం లాగే గంటన్నర ఆగి, రెండు సీసాల నీళ్ళనీ గొట్టాల్లోకి సర్ది ఇంక్యుబేటరులో పెట్టింది. విశాఖపట్నంలో మీటింగులో ఉన్న జగదీశ్వరరావుకి ఫోను చేస్తే, "నేను రేపు వస్తాను. అందాకా ఎక్కడా ఏమీ రాయకండి" అని పెట్టేశాడు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కూతురు ప్రవల్లిక అరుగు మీద కూర్చుని కీరదోసకాయ చక్రాలు కోసుకుని ఉప్పూ కారం అద్దుకు తింటోంది. అవి రోజా ఇచ్చినవి. రోజా గెడ్డ పక్కన ముప్పావెకరం కౌలుకి చేస్తుంది. కీరదోస, కొత్తిమీర, తోటకూర వేస్తుంది. పోయిన వేసవిలో బోరు ఎండిపోతే ప్లాంటుకొచ్చి, "అక్కా, మీ నీల్లు మడికి ఎట్టొచ్చా? నువ్వు సరేనంటే ఎడతాను. నేకపోతే నేదు" అని అడిగింది. నీళ్ళ వల్లే కిడ్నీలు పోతున్నాయని జనం భయపడే ఉద్దానంలో పుట్టిన మనిషి నీళ్ళ గురించి ఊరికే అడగదు. కామాక్షి ఆమెకి పరీక్ష కాగితం చూపించి, అంకె మీద వేలు పెట్టి, "నేనైతే పెడతాను" అంది. అప్పట్నుంచీ వారం వారం ఒక సంచీ కీరదోసకాయలు ఇంటికి వస్తున్నాయి. వద్దంటే రోజా ఊరుకోదు.

కామాక్షి కూతురి చేతిలో పళ్ళెం లాక్కుంది.

"ఏటమ్మా! కడుక్కునే తింటన్నాను" అంది ప్రవల్లిక.

మొగుడు ఢిల్లీబాబు లోపల్నుంచి వచ్చాడు. "అదేటి, పిల్ల నోటి దగ్గర లాగేత్తన్నావు?"

"రేపు చెప్తాను."

"రేపేటి, ఇప్పుడే సెప్పు. రోజాతో తగువాడేవా?"

ఆమె ముక్కలు పెరటి గోతిలో పారబోసి వచ్చింది. ఒక్క పరీక్షతో ఏమని చెప్పాలి? ఆ మాటే రోజాకి ఫోను చెయ్యబోయి ఆగినప్పుడూ అనుకుంది. రేపు రెండో పరీక్ష చూసి చెబుదాం అనుకుంది.

బుధవారం పదింటికి ఇంక్యుబేటరు తెరిచారు. తొలిపిన సీసా గొట్టాలు అద్దంలా ఉన్నాయి. తొలపని సీసా గొట్టాల నిండా బుడగలు. చిన్నారావు వంగి రెంటినీ మార్చి మార్చి చూశాడు. ఒకే తూము, ఒకే నిమిషం. ఆయనకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది.

జగదీశ్వరరావు పదకొండున్నరకి వచ్చాడు. యాభై దాటిన మనిషి, అరిచే రకం కాదు. కుర్చీలో కూర్చుని చల్లగానే మాట్లాడాడు.

"చూడండి కామాక్షి గారూ. కొత్త కాలనీలు కలిసి నీళ్ళు ఎక్కువయ్యాయి, క్లోరిన్ తొట్టిలో అరగంట ఉండాల్సినవి అయిదు నిమిషాలకే బయటకి పోతున్నాయి. సమస్య అదే. రేపట్నుంచి డోసు పెంచుదాం, తొట్టి పెంచడానికి హెడ్డాఫీసుకి రాస్తాను. వచ్చే ఏడాది అంకెలు నిజంగానే బాగుంటాయి. ఈ ఏడాదివి ఉన్నవి ఉన్నట్టు పంపేద్దాం. మీరేమైనా కల్పించారా? లేదు కదా. గొట్టంలో కనిపించిందే రాశారు."

"అప్పుడు తెలీదు సార్. ఇప్పుడు తెలిసింది."

"రెండు పరీక్షలతో యాభై రెండు వారాలు కొట్టేస్తారా?"

"యాభై రెండు వారాలూ ఒకటే తప్పు."

"వచ్చే నెల మండలి అనుమతి రెన్యువల్. ఇది రాస్తే ఆగిపోతుంది. పదకొండు మంది బతుకులు ఇందులో ఉన్నాయి. మీదీ ఉంది." గొంతు తగ్గించాడు. "లేదూ, రాసి తీరాలంటే ఇలా రాయండి. ఆపరేటరు నిర్లక్ష్యం వల్ల శాంపిల్ పాడైంది అని. చిన్నారావు చేత ఒక కాగితం తీసుకుందాం. మీ మీద ఈగ వాలదు. ఆయనకి ట్రైనింగ్ ఇచ్చినట్టు రిజిస్టరులో మీ సంతకం ఉండనే ఉంది."

అది నిజమే. పోయిన ఏప్రిల్లో ఆడిట్ వాళ్ళు వస్తున్నారంటే పదకొండు పేర్ల పక్కనా ట్రైనింగ్ ఇచ్చినట్టు ఒకే ఊపులో సంతకాలు పెట్టేసింది. చిన్నారావుకి ఇచ్చిన ట్రైనింగల్లా గేటు దగ్గర రైలుకి పరిగెడుతూ అన్న ఒక్క మాట, "శుభ్రంగా పట్టు బాబాయ్". ఆయన శుభ్రంగానే పట్టాడు.

గుమ్మం దగ్గర చిన్నారావు నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఇద్దరూ చూడలేదు.

"రాసిచ్చీమంటే ఇచ్చీత్తానమ్మా" అన్నాడు. "నాకింక రెండేల్లే ఉన్నాయి. ఇంటికాడ కొబ్బరి చెట్లు నాలుగున్నాయి. మీకు పిల్లున్నాది."

కామాక్షికి ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం, సరేనంటే ఎంత తేలికైపోతుందో అనిపించింది. దాంతో తన మీద తనకే కోపం వచ్చింది.

"నువ్వెళ్ళి మోటార్లు చూసుకో బాబాయ్" అంది కటువుగా.

భోజనానికి లేవలేదు. మూడింటికి ల్యాబు పేజీ తెరిచింది. ఆమె సంతకం లేకుండా నివేదిక ముందుకు కదలదు. అయిదు దాటితే గడువు తప్పినట్టు నోటీసు వస్తుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. జగదీశ్వరరావు నాలుగుసార్లు వచ్చి ఆమె వెనక నిలబడి వెళ్ళాడు. హెడ్డాఫీసు నుంచి ఆయనకి ఒకసారి ఫోను వచ్చింది. వరండాలోకి వెళ్ళి, "అవుతోంది సార్, అవుతోంది" అంటున్నాడు.

వివరణ గడిలో ఆమె నాలుగు వాక్యాలు రాసింది. మూడుసార్లు కొట్టేసి నాలుగోసారి ఉంచింది. క్రిముల పరీక్షకి సీసాలు పట్టిన తీరు తప్పు. ఆ పద్ధతి ఆపరేటరుకి నేర్పవలసినది నేను. నేర్పకుండానే నేర్పినట్టు సంతకం చేశాను. ఏడాదిలోని యాభై రెండు ఫలితాలూ నమ్మదగినవి కావు, సరిగ్గా పట్టిన రెండు ఫలితాలు ఇవి. కింద పేరు, తేదీ.

నాలుగూ నలభైకి జగదీశ్వరరావు కళ్ళజోడు సర్దుకుని అదంతా చదివాడు. చదివి మళ్ళీ పైనుంచి చదివాడు.

"ఇది నేను పంపకపోతే?"

"గడువు తప్పుతుంది సార్. రేపు ఎందుకు తప్పిందని అడుగుతారు. అప్పుడూ ఇదే చెప్తాను."

గోడ మీద గడియారం వంకా, తెర వంకా చూసి, పంపే మీట నొక్కాడు. సర్వరు తిరుగుతూ తిరుగుతూ రెండుసార్లు బయటకి తోసేసింది. మూడోసారి తీసుకుంది. అప్పటికి నాలుగూ యాభై ఆరు.

"పోయింది" అన్నాడు. "రేపు హెడ్డాఫీసు ఫోను మీరే ఎత్తండి. నా వల్ల కాదు."

ఆమె సంచీ తీసుకుని స్టేషను వైపు కాకుండా గెడ్డ గట్టు పట్టుకుని నడిచింది. పది నిమిషాల దారి. రోజా మడిలో ఇద్దరు ఆడవాళ్ళు వంగి కొత్తిమీర కోస్తున్నారు. పొద్దున్నే కాశీబుగ్గ మార్కెట్టుకి వెళ్ళాల్సిన కట్టలు గట్టు మీద వరసగా ఉన్నాయి. రోజా గొట్టం మడి మార్చి వచ్చి, చేతులు చీరకి తుడుచుకుంది.

"అక్కా! కాయలు అయిపోనాయేటి? కబురెడితే పంపీదాన్ని కదా."

కామాక్షి ఆమెని పక్కకి పిలిచి, గొంతు తగ్గించి మొత్తం చెప్పింది. రోజా విన్నంతసేపూ గొట్టంలోంచి పడుతున్న నీళ్ళ వంకే చూసింది.

"మా బుడ్డోడికి మొన్న మూడ్రోజులు ఏకదాటిగా ఇరేసనాలు" అంది చివరికి. "మామిడికాయ తిన్నాడని కొట్టేను."

"ఇదే కారణమని చెప్పలేను రోజా. కాదనీ చెప్పలేను."

"నీకెప్పుడు తెలిసింది?"

"పొద్దున్న." నోట్లోంచి వచ్చాక ఆ మాట నిలవలేదు. "కాదు. సోమవారం."

"సోమారం నుంచీ రెండు కోతలు పంపేను నాను, మార్కెట్టుకి." రోజా వెళ్ళి మోటారు ఆపేసింది. తిరిగి వచ్చినా దగ్గరకి రాలేదు. గట్టు అవతలే నిలబడిపోయింది. "నా ఒక్కదాని సెవిలో ఊదితే నీ పని అయిపోద్దనుకున్నావేటి? ఆల్లు ఈ నీల్లతోనే మొకాలు కడుక్కుంటన్నారు. ఈ కూరే ఇంటికి పట్టికెల్తన్నారు. నీ మాట మీద ఆల్లకి మంచి నీల్లని సెప్పింది నాను. ఇప్పుడు నాను సెప్పను. నువ్వు సెప్పు."

కామాక్షి చెప్పులు విడిచి, గట్టు మీద కట్టల్ని దాటుకుని మడి అంచుకి వెళ్ళింది.

"కోయడం ఆపండమ్మా."

ఇద్దరిలో పెద్దావిడ నడుము మీద చెయ్యి వేసుకుని మెల్లగా లేచి, కళ్ళు చికిలించి చూసింది. "ఎవులమ్మా నువ్వు?"

"ఆ ప్లాంటులో నీళ్ళు పరీక్ష చేసేది నేనే" అంది కామాక్షి.