చేపనూనె సీసా

కాంపౌండరు ఈదయ్య తెల్లకాగితాన్ని మడతలు పెట్టి, అంచున కత్తెరతో గాట్లు పెట్టాడు. విప్పితే ఆరు డోసులు కొలిచే పట్టీ. మైదా జిగురు రాసి దగ్గుమందు సీసాకు అంటించాడు. పొద్దున్నుంచి ఇలాంటివి ఇరవై చేశాడు. పట్టుకెళ్లేవాళ్లు ఒక్కరూ రాలేదు. చిక్కడపల్లి రోడ్డు మీద దుకాణాలు మూసి ఉన్నాయి. ప్రత్యేక రాష్ట్రం గొడవ మొదలైన ఆ వేసవిలో అది ఎన్నో బందో అతనికి లెక్క తప్పింది. డాక్టరుగారు రాలేదు. ఈదయ్య వచ్చాడు. ఇరవై రెండేళ్లుగా ఆ దవాఖాన తలుపు తీసేది అతనే.

గడియారం చూశాడు. తొమ్మిదిన్నర. మనోరమ ఎనిమిదింటికే రావాలి.

మనోరమకు ఏడేళ్లు. అశోక్‌నగర్‌లో ఉంటుంది. వాళ్లది గుడివాడ వైపు. తండ్రి ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చారు. పిల్లకు మోకాళ్లు, మణికట్లు వాస్తాయి. చిన్నపిల్లలకొచ్చే కీళ్లవాతం అన్నారు డాక్టరుగారు. నొప్పికి మాత్ర, ఎముక గట్టిపడటానికి కాల్షియం బిళ్ల, రోజూ ఒక చెంచా చేపనూనె రాశారు. బిళ్లలు ఇంటికి వెళ్లాయి. నూనె వెళ్లలేదు. నాయనమ్మ బుల్లెమ్మ మడి కట్టుకుని వండే ఇల్లు అది. తల్లి రాజ్యలక్ష్మి సీసాను ఈదయ్య అలమరలోనే ఉంచి, పిల్లను రోజూ తీసుకొచ్చేది. ఇంట్లో టానిక్కు అని చెప్పింది. తెర వెనక ఈదయ్య చెంచా పట్టేవాడు. వాసన పోవడానికి ఒక లవంగం ఇచ్చేవాడు. కొత్త సీసా తెరిచినప్పుడల్లా దానికీ ముప్పై గడుల పట్టీ అంటించేవాడు. రోజుకొక గడి మనోరమ గోటితో గీరేసేది.

మూడు నెలలైంది. మొదట్లో తల్లి ఎత్తుకుని మెట్లెక్కేది. పోయిన వారం మనోరమ మూడు మెట్లూ తనే ఎక్కి, అతని కాళ్ల వంక చూసింది.

"నీ కాళ్లెందుకలా ఉన్నాయి?"

ఈదయ్య కాళ్లు మోకాళ్ల దగ్గర బయటికి వంగి ఉంటాయి. వాటి మధ్యనుంచి కుక్కపిల్ల దూరిపోతుందని వీధిలో నవ్వుతారు.

"నా చిన్నప్పుడు గీ నూనె పోసెటోళ్లు దొరకలే బిడ్డా. నువ్వు తాగు," అన్నాడు.

పదింటికి నారాయణగూడ వైపు నుంచి అరుపులు వినిపించాయి. ఈదయ్య లేచాడు. కూర్చున్నాడు. చెంచా కడిగాడు. కడిగిన చెంచానే మళ్లీ కడిగాడు. చివరికి సీసాను పాత పేపరులో చుట్టి, చెంచా జేబులో వేసుకుని, దవాఖానకు తాళం పెట్టాడు.

అశోక్‌నగర్ సందులో ఆ ఇంటి ముందు రెండు రిక్షాలున్నాయి. ముందుదాంట్లో ట్రంకుపెట్టెలు, పరుపుచుట్ట. బుల్లెమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. ఈదయ్య పొట్లాన్ని వీపు వెనక్కి జరిపాడు.

"దాచకు నాయనా. చేపనూనేగా," అంది ఆమె.

ఈదయ్య పొట్లాన్ని మళ్లీ ముందుకు తెచ్చాడు.

"టానిక్కు తాగొచ్చిన పిల్ల నోట్లో రోజూ లవంగం ఎందుకుంటుంది? మొదటిరోజే తెలిసింది."

"మరి ఏమనకపోతిరి అమ్మగారూ?"

"గడప దాటి లోపలికొస్తే నేను వద్దనాలి. నీ దగ్గరుంటే నాకేం తెలుసు?" గొంతు తగ్గించింది. "నిన్న తలుపు మీద రాళ్లు పడ్డాయి. మావాడు టిక్కెట్లకని ముందే స్టేషన్‌కి వెళ్లాడు. మళ్లీ వస్తామో రామో. ఆ సీసా కోడలికివ్వు. నేను చూడనులే."

ఆమె గోడ వైపు తిరిగి కూర్చుంది.

రాజ్యలక్ష్మి పిల్లను చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చింది. ఈదయ్య అరుగు కిందే చెంచా పట్టాడు. మనోరమ మింగి, గడి గీరేసి, లవంగం కోసం చెయ్యి చాపింది. అతను జేబులు తడిమాడు. తేలేదు.

"రోజుకో చెంచా. ఆపకుండ్రి అమ్మా," అని సీసా ఇచ్చాడు. "ఇది అయిపోతే అక్కడ మందుల దుకాణంల అడుగుండ్రి."

"అలాగే ఈదయ్యగారూ."

మనోరమను రిక్షా ఎక్కించాలంటే మోకాళ్లు నలగకుండా రెండు చేతులతో ఎత్తాలి. రాజ్యలక్ష్మి సీసాను ప్రహరీగోడ మీద పెట్టింది. పిల్లను ఎత్తింది, అత్తగారిని ఎక్కించి తనూ ఎక్కింది, ఎండకు టాపు వేయించింది. రిక్షాలు కదిలాయి.

అవి సందు సగం దాటాక ఈదయ్య గోడ వంక చూశాడు.

సీసా తీసుకుని పరుగెత్తాడు. ఆ కాళ్లతో పరుగెత్తి ఎన్నేళ్లయిందో. "ఆగుండ్రి, జర ఆగుండ్రి," అని అరుస్తూ సీసా ఉన్న చెయ్యి పైకెత్తాడు. టాపు వెనక ఉన్నవాళ్లకు అతను కనిపించడు. అరుపు విని వెనక్కి తొంగిచూసిన రిక్షావాడికి కనిపించాడు. బందు రోజు, సామాన్లు వేసుకుని పోతున్న రిక్షాల వెంట, చేతిలో ఏదో ఎత్తి పట్టుకుని అరుస్తూ వస్తున్న మనిషి. రిక్షావాడు ముందువాడికి కేక వేసి, సీటు మీంచి లేచి నిలబడి తొక్కాడు. ఈదయ్య మూల తిరిగేసరికి రోడ్డు ఖాళీగా ఉంది.

దవాఖానకు తిరిగొచ్చాడు. లవంగాల డబ్బా బల్ల మీదే ఉంది. సీసాను అలమరలో పాతచోటే పెట్టాడు. దాని పట్టీలో ఇంకా పదకొండు గడులు ఉన్నాయి.