కుడికాలి తాడు

కుడికాలు కదలకూడదు, ఏం వాయించినా ఫరవాలేదు గాని అది మాత్రం కదలకూడదు, అనుకుంటూ ఆర్విల్ క్లారినెట్ పీకను నాలుకతో తడుపుతున్నాడు, ఉత్త మొండిఘటం ఆ కాలు, లూసియానాలో అమ్మ ఒళ్లో కూర్చుని చర్చి పాటలు విన్ననాటి నుంచీ రెండో దెబ్బకీ నాలుగో దెబ్బకీ దానంతటదే నేల మీద పడుతుంది, మా మార్టినిక్ దీవి నాట్యం బిగిన్‌కి కాలు అలా పడదు నాయనా అని పాటగత్తె క్లెమాన్స్ మొదటిరోజే మొత్తుకుంది, నీ కాలు చూస్తే చెవిటివాడు కూడా అమెరికావాడివని చెప్పేస్తాడు, ఫ్రాన్సుని ఆక్రమించిన జర్మన్లు ఇక్కడున్న అమెరికన్లని శిబిరాలకు తోలేస్తున్నారు, తనతోపాటు అమెరికా నుంచి వచ్చిన ట్రంపెట్ లూథర్‌ని పోయిన డిసెంబరులో తీసుకెళ్లారు, మళ్లీ కబురు లేదు, అప్పుడే క్లెమాన్స్ క్షయతో పోయిన తన అన్న గుర్తింపు కాగితాలు తెచ్చి ఇచ్చింది, అనాటోల్ సెరాఫిన్, మార్టినిక్, ఫ్రెంచి పౌరుడు, తనలాగే నల్లవాడు, చచ్చినవాడి పేరు తొడుక్కుని బతకడం సిగ్గే, అయినా బతుకుతున్నాడు, ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆట మొదలవకముందే బూటుతాడుతో కుడికాలిని కుర్చీకాలికి కట్టేసుకుంటున్నాడు.

ముందు బల్ల దగ్గర ఆ జర్మన్ లెఫ్టినెంటు, బెర్లిన్‌లో గదినిండా అమెరికా జాజ్ రికార్డులు దాచుకున్నాడట, వీడు పాట వినడం లేదు, నా కాళ్లే చూస్తున్నాడు, మీ అన్నగారిది ఏ ఊరు అని క్లెమాన్స్‌ని అడుగుతున్నాడు, మార్టినిక్‌లో ఫోర్ ద ఫ్రాన్స్ అండీ, చిన్నప్పుడు నా బొమ్మలన్నీ విరగ్గొట్టేవాడు ముదనష్టపువాడు, అని నవ్వుతోంది, ఎంత గుండెధైర్యం ఈ పిల్లకి, డ్రమ్ము మోగింది, ఊదాలి, అమ్మా, ఇప్పుడు గుర్తుకు రాకమ్మా, ఊదాడు, చివరిదాకా ఊదాడు, లెఫ్టినెంటు లేచి చప్పట్లు కొట్టాడు, నువ్వు అమెరికావాడివని నా స్నేహితుడితో పందెం కాశానయ్యా, ఓడిపోయాను, అని భుజం తట్టి టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

గండం గడిచింది అన్నయ్యా, రా, బార్లీ కాఫీ అయినా తాగుదువుగాని, అంటోంది క్లెమాన్స్, వస్తున్నా అంటూ ముడి విప్పడానికి వంగాడు, ముడి లేదు, తాడు కోటు జేబులోనే ఉంది, లెఫ్టినెంటుని చూసిన కంగారులో కట్టుకోవడమే మరిచిపోయాడు, మరి కాలు, కట్టకుండానే ఎలా ఊరుకుంది, అమ్మ పాట ఒకటి గొంతులోనే కూనిరాగం తీసి చూశాడు, రెండో దెబ్బ వచ్చింది, పోయింది, నాలుగోదీ పోయింది, బూటు నేలకి అంటుకుని అలాగే ఉంది, క్లెమాన్స్ మళ్లీ పిలుస్తోంది, అన్నయ్యా, అన్నయ్యా, లూథర్ ఏ శిబిరంలో ఉన్నా వాడి కాలు ఇంకా ఆడుతూనే ఉంటుంది, ఇక్కడ ప్రాణాలు దక్కినవాడు అనాటోల్ సెరాఫిన్, ఆర్విల్‌ని ఇక ఎవరూ పట్టుకోలేరు, పట్టుకోవడానికి అతను లేడు.