కాగితం కప్పు స్పీకరు

నలభై ఎనిమిది, నలభై తొమ్మిది, యాభై. మందుసీసా చుట్టూ సన్నని రాగితీగ ఆఖరి చుట్టు తిప్పి, ఆ చుట్టను మెల్లగా జార్చి, మాస్టారు కాగితం కప్పు అడుగున అతికించారు. సుద్దపొడికి వేళ్ల కొసలు పగిలి ఉన్నాయి. ముప్పై రెండేళ్లుగా ఏటా చెప్పే పాఠమే. ఈ రోజుతో ఉద్యోగం ఆఖరు.

ఏడు నెలలుగా ఆయనకు చెవులు దాదాపు వినిపించడం లేదు. ఆ సంగతి భార్యకు తప్ప ఎవరికీ తెలియదని ఆయన నమ్మకం. పొద్దున ఆమె ఎదురుగా నిలబడి, పెదవులు కనబడేలా అంది: "వినబడని మనిషి శబ్దం గురించి చెప్పడమేంటండీ! పిల్లలతో చెప్పేయండి, గుండె బరువు దిగుతుంది."

ఆయన చెప్పదలచుకోలేదు. చెవుడు బయటపడితే ఇన్నాళ్లు చెప్పిందంతా నాటకమనుకుంటారని భయం. ఈ ఒక్క గంట గడిస్తే చాలు.

"తీగలో కరెంటు పారితే ఈ చుట్ట అయస్కాంతమవుతుంది. పాటను బట్టి కరెంటు అటూ ఇటూ మారుతుంది. కింద పెట్టిన అయస్కాంతం దీన్ని ఓసారి లాగుతుంది, ఓసారి తోస్తుంది. చుట్టతో పాటు కప్పు, కప్పుతో పాటు గాలీ వణుకుతాయి. ఆ వణుకే పాట."

తీగ కొసలు ఫోనులోని పాటను పెంచే ఆంప్లిఫయరుకు తగిలించి మీట నొక్కారు. "వస్తోందా?"

మొదటి బెంచీలో నోరు మూతపడని పిల్ల ఉంది. క్లాసంతా ఆమెను రేడియో అంటారు. రేడియో పక్కవాళ్ల వంక చూసి, మాట మాటా విడదీసి అంది: "బ్రహ్మాండంగా వస్తోంది సార్!" నలభై తలలూ ఊగాయి.

అలవాటుగా మాస్టారు కప్పు అంచున వేలు పెట్టారు. కప్పులో చలనం లేదు.

అయితే తన చెవుడు సంగతి వీళ్లకు తెలుసు! గంట కొట్టగానే రేడియో ఆయనకు కనబడేలా పుస్తకం మూయడం, అడగాల్సింది ఏదున్నా పిల్లలు బల్ల దగ్గరికొచ్చి ముఖంలో ముఖం పెట్టి అడగడం... అదంతా పాఠం మీద శ్రద్ధనుకున్నారు.

"ఎప్పటినుంచే?"

రేడియో తల వంచబోయి, గుర్తొచ్చి ఎత్తింది. "మొదట్నుంచీ సార్. మాకు తెలుసని తెలిస్తే మీరు రావడం మానేస్తారని..."

మాస్టారు కదలని కప్పును వేలితో తట్టారు. "అబద్ధమాడితే అతికినట్టుండాలే! నా వేలికి దొరికిపోయావు."

తీగ కొసలు చూశారు. పైపూత గీకలేదు. అదుంటే కరెంటు పారదు. ఏటా పిల్లలను తిట్టే తప్పు ఈ రోజు తనే చేశారు. సొరుగులోంచి గరుకు కాగితం తీసి, కొసలు మెరిసేదాకా రుద్ది మళ్లీ తగిలించారు. వేలి కింద కప్పు బతికింది.

"రండర్రా. నాలాగా వినండి."

ఒక్కొక్కరే వచ్చారు. పక్కవాళ్లు వెనకనుంచి చెవులు మూస్తే కప్పు మీద వేలు పెట్టారు. తన వంతు వచ్చినప్పుడు రేడియో కళ్లు మూసుకుని, వెనకవాళ్లు తోసేదాకా వేలు తీయలేదు.

గంట కొట్టారు కాబోలు, గుమ్మంలో తరవాతి టీచరు కనిపించింది. మాస్టారు కళ్లజోడు తుడుచుకున్నారు. "ఏడు నెలలు నన్ను నిలబెట్టింది మీరు. చల్లగా ఉండండర్రా." అంతే అని, వరండా వెంట నెమ్మదిగా వెళ్లిపోయారు.

బల్ల మీద గోరంత గరుకు కాగితం ముక్క మిగిలింది. దాని నల్లటి ముఖాన రాగిపొడి ఇంకా ఎర్రగా మెరుస్తోంది.