ఇస్మే పేరు నేను దింపలేదు

ఇలా దగ్గరికి జరుగు తల్లీ. ఆ ఫోను అవతల పెట్టి, ఈ కందికాయలు నువ్వూ రెండు గుప్పిళ్ళు ఒలుస్తూ విను. ఊరికే కూచుంటే నీకు నిద్రొస్తుంది, నాకు కోపమొస్తుంది.

రోజూ సాయంత్రం హిల్స్‌బరో జెట్టీ దగ్గర టూరిస్టుల్ని ఎక్కించుకుని, ఒడ్డున కోళ్ళు కూడా బెదిరేలా పాటలు పెట్టుకుని, సూర్యుడు మునగడం చూపిస్తానని శాండీ ఐలాండ్ చుట్టూ తిప్పి తెచ్చే పడవ ఉంది చూశావా, దాని సంగతి ఇది. ఆ పడవకి నేను జ్ఞానతల్లిని. నవ్వకు. జ్ఞానస్నానం రోజున నిన్ను ఎత్తుకున్న జ్ఞానతల్లి నీకు లేదూ? పడవకీ ఉంటుంది. మన కారియకూ దీవిలో జ్ఞానతల్లి లేకుండా ఏ పడవనీ నీళ్ళలోకి దింపరు.

దాన్ని కట్టింది మా ఇస్మే అక్క మొగుడు, థియో బావ. మన ఊరు విండ్‌వర్డ్ ఇసుకలో మూడేళ్ళు కట్టాడు. చేతిలో డబ్బున్నప్పుడు నాలుగు పలకలు కొట్టేవాడు, లేనప్పుడు చేపలకి పోయేవాడు. పక్కటెముకల చెక్కల కోసం అడవిలోకి పోయి, వంపు సరిగ్గా ఉన్న చెట్టు దొరికేదాకా తిరిగేవాడు. దింపే రోజున గొర్రెని కోశారు, ఫాదర్ వచ్చి నీళ్ళు చల్లాడు, పెద్దవాళ్ళు పోయినవాళ్ళని తలుచుకుని ముందు నీళ్ళు, తర్వాత తెల్ల రమ్ము పోశారు. అప్పుడు నన్ను ముందుకి పిలిచారు. నాకు ఇరవై రెండేళ్ళు, అరువు తెచ్చుకున్న చెప్పులు. మడిచి కట్టిన జెండా విప్పి పేరు ఊరికి చూపించాను. అప్పటిదాకా ఆ పేరు బావకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఇస్మే అని ఉంది. అక్క పెద్ద గిన్నె నిండా అన్నం కలుపుతూ తలెత్తి చూసి, “నా అంత బరువుంటే ఇది తేలినట్టే,” అంది. అందరూ విరగబడి నవ్వారు. ఆమె కళ్ళు తుడుచుకోవడం నేనొక్కదాన్నే చూశాను.

ఆ పడవ సిమెంటు మోసింది, మొక్కజొన్న మోసింది, మేకల్ని మోసింది, గ్రెనడాకి పెళ్ళికూతుళ్ళని, ఆస్పత్రికి నిండు చూలాళ్ళని మోసింది. అక్క చక్కెర జబ్బుతో పోయింది. బావకి మోకాళ్ళు పోయాయి. నడిపేవాడు లేక పడవ ఎండిపోతుంటే అమ్మేశాడు. ఎవరికి? రాల్ పాట్రిస్‌కి.

రాల్ గురించి నీకు ఒక మాట చెప్పాలి. వాళ్ళ తాత కట్టేసిన మేకని కట్టేసినచోట ఉంచలేకపోయేవాడు. ఎవరి తోట పాడైనా మేము వేరే ఇల్లు వెతక్కుండా వాళ్ళింటికే పోయేవాళ్ళం. ఆయన మనవడికి ఇప్పుడు తెల్ల బూట్లు, తెల్ల జీపు, మెడలో నా చిటికెనవేలంత గొలుసు. అయినా బావ చెయ్యి పట్టుకుని, పేరు మాత్రం మార్చనని మాటిచ్చాడు. బావ నమ్మాడు. చెక్క అబద్ధమాడితే వేలితో తట్టి చెప్పగలడు కానీ మనిషి అబద్ధమాడితే తెలుసుకోలేడు బావ.

ఆర్నెల్లు కాలేదు, పేరు మీద గులాబీ రంగు పూయించి, దాని మీద సన్‌సెట్ ఫీవర్ అని రాయించాడు. సూర్యుడు మునగడానికి జ్వరమేమిటో వాడికే తెలియాలి. డెక్కు మీద పచ్చటి ప్లాస్టిక్ గడ్డి పరిచాడు. తెరచాప కొయ్యకి రంగు బల్బులు చుట్టి, పైన పుర్రె బొమ్మ జెండా ఎగరేశాడు. సముద్రపు దొంగల పడవట. టూరిస్టులకి ప్లాస్టిక్ కత్తులు కూడా ఇస్తారు.

బావ జెట్టీకి పోయి అది చూసొచ్చాడు. రెండు రోజులు ముద్ద ముట్టలేదు. మూడో రోజు నేను గంజి పట్టుకుపోతే, “ఇస్మే మళ్ళీ పోయింది ఎనిడూ,” అన్నాడు. “ఆమె పక్కన నాకు చోటు ఉంచారు కదా, అక్కడ ఏ ముఖంతో పడుకోను? నీ పేరు అమ్ముకున్నానని చెప్పనా?”

నాకు ఆ మాట గొంతులో చేప ముల్లులా ఉండిపోయింది.

తర్వాత ఆ పడవకి రోజుకొకటి మొదలైంది. తాడు తెగింది. నీళ్ళు తోడే పంపు ఆగింది. ఒకసారి రాతి దిబ్బ దగ్గర ఇంజను ఆగిపోతే లంగరు వేసి దక్కించుకున్నారు. నడిపేవాడు గాడ్విన్, మన విండ్‌వర్డ్ వాడే. తాళ్ళ దగ్గర ఉండే ఇద్దరు అన్నదమ్ములూ మనవాళ్ళే. గాడ్విన్ వెళ్ళి రాల్‌తో చెప్పాడట, రెండు పేర్ల పడవ తిన్నగా పోదు, జ్ఞానతల్లి చేత పాత పేరు దింపించు, లేకపోతే ఇంకొకణ్ణి చూసుకో అని.

రాల్ వచ్చాడు. జీపు దిగను కూడా లేదు. కిటికీలోంచి బిస్కెట్ల డబ్బా నా చేతిలో పెట్టి, అత్తా, శనివారం మా పడవెక్కు, నిన్ను రాణీలా కూచోబెడతాను, కొత్త పేరుకి రెండు మంచి మాటలు చెప్పి కాస్త రమ్ము పోస్తే చాలు, టూరిస్టులు ఇలాంటివంటే పడిచస్తారు అన్నాడు.

ఇక్కడే తల్లీ వాడు చేసిన తప్పు. పేరు దింపించుకోవాలంటే మనిషి కట్టినవాడి ఇంటికి వస్తాడు. కోడిని తెస్తాడు, మంచి రమ్ము తెస్తాడు, గుమ్మంలో కూచుని అడుగుతాడు. అలా వచ్చి ఉంటే బావ మెత్తటి మనిషి, ఏడుస్తూనే సరేననేవాడేమో. నేను మాత్రం ఏం చేసేదాన్ని? వాడికి ఆ కూచోవడం నామోషీ. మాకు చెయ్యాల్సిన మర్యాదని టికెట్టు కొన్నవాళ్ళకి తమాషాగా చూపిద్దామనుకున్నాడు. నలుగురిలో అడిగితే కాదనే హక్కు కూడా నలుగురిలోనే ఇచ్చినట్టని ఆ తెల్ల బూట్లకి తట్టలేదు.

శనివారం చర్చికి పెట్టుకునే టోపీ పెట్టుకుని పోయాను. బావతో చెప్పలేదు.

అబ్బ, ఏం జనం. నలభై మంది ఉంటారు. కాల్చిన రొయ్యల్లా ఎర్రగా ఉన్నారు, వేసుకున్న గుడ్డలు లెక్కపెట్టాలంటే వేళ్ళు మిగిలిపోతాయి. పడవ జెట్టీ వదలకముందే తాగడం మొదలుపెట్టారు. ఆ తాగేది కూడా రమ్మంటే రమ్ము కాదు, దగ్గు మందులా ఎర్రగా, దాంట్లో ఒక చెర్రీ పండు, ఒక కాగితం గొడుగు. వాన పడుతుందని కాబోలు. ఒకప్పుడు పెళ్ళికూతురు పెట్టె పెట్టుకుని కూచున్నచోట ఒక పెద్దమనిషి పొట్ట ఆడిస్తూ డాన్సు చేస్తున్నాడు. వయసు నా అంత ఉంటుంది. కంటికి నల్ల గుడ్డ కట్టుకున్నాడు, దొంగలా కనపడాలని. మా ముత్తాతల్ని అమ్ముకున్నవాళ్ళూ ఇలాంటి పడవల్లోనే వచ్చారు. వాళ్ళు గుడ్డ కట్టుకోలేదు, టోపీలు తీసి నమస్కారాలు పెట్టారు.

సూర్యుడు దిగడం మొదలయ్యాడు. దానికోసమే కదా అందరూ వచ్చింది. చూస్తారనుకున్నావా? అందరూ వెనక్కి తిరిగారు. సూర్యుడికి వీపు పెట్టి, ఫోను ముందుకు చాపి, మూతులు ముడిచి ఫొటోలు. టికెట్టు కొని మరీ సూర్యుడికి వీపు చూపించిన జనాన్ని నేను ఆ రోజే చూశాను. నేనొక్కదాన్నే, టికెట్టు లేనిదాన్ని, అటు చూశాను. బాగుంది. ఆకాశం వాళ్ళకోసం ఏమీ తగ్గించలేదు.

అప్పుడు రాల్ పాటలు ఆపించి మైకు పట్టుకున్నాడు. ఈవిడ ఈ పడవకి జ్ఞానతల్లి, వందల ఏళ్ళ ఆచారం ప్రకారం ఇప్పుడు మన పడవకి కొత్త పేరు ఇస్తుంది, ఫోనులు సిద్ధం చేసుకోండి అన్నాడు. నా మెడలో కాగితం పూల దండ వేశాడు. చేతిలో ప్లాస్టిక్ గ్లాసు పెట్టాడు.

దాంట్లోకి చూశాను. “ఇదేమిట్రా?” అన్నాను.

“రమ్మే అత్తా.”

“పండు తేలుతోంది.”

“పోయడానికి ఏదైతేనేం, నీళ్ళలోకే కదా పోయేది.”

మైకు మా ఇద్దరి మధ్య ఉంది, అందరికీ వినపడింది. టూరిస్టులు నవ్వారు. గాడ్విన్ నవ్వలేదు. ఆ అన్నదమ్ములిద్దరూ తాళ్ళు వదిలి నా వైపు చూస్తున్నారు. నేను చూసింది కూడా వాళ్ళనే.

“పోయిన మీ తాతకి కూడా ఇదే పోశావా రాల్? గొడుగుతో సహా?” అన్నాను. “నువ్వు కొత్త పేరు ఎక్కించాలంటే ముందు పాత పేరు దిగాలి. దాన్ని ఎక్కించింది నేను. ఇది ఇస్మే. నేను దింపను.”

గ్లాసు వాడి చేతిలోనే పెట్టేశాను. ఒక్క చుక్క పోయలేదు.

గాడ్విన్ ఇంజను ఆపేశాడు. అన్నదమ్ములిద్దరూ వచ్చి నా కాళ్ళ దగ్గర డెక్కు మీద కూచున్నారు. పడవ నీళ్ళ మీద ఊరికే ఊగడం మొదలుపెట్టింది. రాల్ వాళ్ళ మీద పళ్ళు కొరికాడు, ఇదేమిటి, లేవండి, జీతాలు ఇస్తున్నది ఎవరు అని. గాడ్విన్ తాపీగా, జ్ఞానతల్లి కాదన్న పేరుతో నేను నడపను సార్, నాకు పిల్లలున్నారు అన్నాడు.

టూరిస్టులు ఏం చేశారో చెప్పు చూద్దాం. చప్పట్లు కొట్టారు. ఇదంతా ఆటలో భాగమనుకున్నారు. ఒకావిడ ముందుకి తోసుకొచ్చి, ఫోను ఇప్పుడే ఆన్ అయింది, బామ్మగారు ఆ మాట ఇంకోసారి చెబుతారా, కొంచెం చెయ్యి కూడా ఎత్తితే బాగుంటుంది అని అడిగింది. నాకు కోపం రావాల్సింది. కానీ తల్లీ, అడక్క అడక్క అడిగింది. లేచి నిలబడ్డాను. చెయ్యి ఎత్తాను. ఈసారి మైకు నేనే పట్టుకుని, “ఇది ఇస్మే. నేను దింపను,” అని ఒడ్డుకి వినపడేలా చెప్పాను. మొదటిసారి కంటే బాగా వచ్చింది.

అన్నదమ్ముల్లో పెద్దవాడు రాల్‌తో, “రెండుసార్లు అంది. ఇక మీ ఇష్టం,” అన్నాడు.

రాల్ మొహం చూడాలి నువ్వు. నలభై మంది ఖాళీ గ్లాసులు ఊపుతున్నారు, పడవ మెల్లగా రాతి దిబ్బ వైపు జరుగుతోంది, తెల్ల బూట్ల మీద ఎవరి గ్లాసులోదో ఒలికి ఎర్రటి మరక. వాడు వంగి నా చెవిలో, సరే అత్తా, నీ ఇష్టం, ముందు ఇంజను వెయ్యమను అన్నాడు. నా చెవిలో చెబితే లాభం లేదు, నీ మనుషులు వినేలా చెప్పు అన్నాను. చెప్పాడు. పాత పేరే ఉంటుంది అని. టూరిస్టులు దానికీ చప్పట్లు కొట్టారు. పొట్ట ఆడించే పెద్దమనిషి ఏడ్చాడు కూడా, ఎందుకో ఆయనకే తెలియాలి.

సోమవారం రంగులు వేసేవాడు వచ్చి గులాబీ రంగు గీకేశాడు. నీలం అక్షరాలతో ఇస్మే అని రాశాడు. బావని తీసుకుపోయి చూపించాను. కర్ర ఊతంతో నిలబడి ఎంతసేపు చూశాడో. నేను మాత్రం ఊరుకోలేకపోయాను. చూడు బావా, గెలిచామనుకున్నాం, ఇప్పుడు అక్క పేరు కిందే ఈ తాగుబోతులు రోజూ వాంతులు చేసుకుంటారు, ఆ పుర్రె జెండా కింద ఆమె పేరు, ఇదేం గెలుపు, వాళ్ళకి ఆ జ్వరం పేరే సరిపోయేది అన్నాను.

బావ కర్రతో పడవ పలకని తట్టి చూశాడు. తర్వాత, “మీ అక్క తాగొచ్చినవాణ్ణి ఏనాడైనా గుమ్మంలోంచి పంపేసిందా ఎనిడూ?” అన్నాడు. “తిట్టేది. తిట్టి అన్నం పెట్టేది. వీళ్ళనీ మొయ్యనీ. ఎవరు మోస్తున్నారో చెప్పడానికి పేరు ఉంది కదా.”

ఆ రాత్రి బావ రెండు చేపలు తిన్నాడు. ఆయనకి మనసు కుదుటపడింది. నాకు పడలేదు. నేను మా అక్కంత మంచిదాన్ని కాను. ఈ రోజుకీ ఆ పడవ పోతుంటే కిటికీ మూసేస్తాను. ఆ జనాన్ని తలుచుకుంటే ఈ రోజుకీ ఒళ్ళు మండుతుంది.

అయిపోయింది. గిన్నె ఇటివ్వు. ఒక్క సాయం చెయ్యి. రాల్ ఇప్పుడు టూరిస్టులకి ఈ కథ తనే చెబుతున్నాడట, ఆవిడ దీవించింది, నేనే పాత పేరు ఉంచమన్నాను అని. నేను ఎన్నాళ్ళుంటానో తెలియదు. నువ్వు గుర్తుపెట్టుకో. నీ పిల్లలకి చెప్పు, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పు. చెప్పేటప్పుడు నన్ను మంచిదాన్ని చెయ్యకు. ఆ గ్లాసులోంచి ఒక్క చుక్క కూడా పోయలేదని మాత్రం తప్పకుండా చెప్పు.